సిగ్నల్ చక్రం: 60 సెకన్లా, 120 సెకన్లా?

కూడలిలో అన్ని వైపులకూ ఒక్కో విడత పచ్చదీపం వచ్చి వెళ్లడానికి పట్టే సమయమే సిగ్నల్ చక్రం.

వాహనాలకు: దీపం మారిన ప్రతిసారీ ఆగిన బండ్లు కదలడానికి, కూడలి ఖాళీ కావడానికి సుమారు 4 సెకన్లు వృథా. నాలుగు వైపులకు 16. చక్రం 60 సెకన్లయితే పావు వంతుకు పైగా పోయినట్టే. 120 అయితే ఏడో వంతు కూడా పోదు. రద్దీలో పెద్ద చక్రమే ఎక్కువ బండ్లను పంపుతుంది. రద్దీ లేకపోతే ఖాళీ రోడ్డుకు పచ్చదీపం, పక్కవాళ్లకు నిరీక్షణ.

పాదచారులకు: సెకనుకు 1.2 మీటర్ల నడకతో 24 మీటర్ల రోడ్డు దాటడానికి 20 సెకన్లు కావాలి. ముసలివాళ్లకు అదీ చాలదు. చిన్న చక్రంలో ఒక్కో వైపుకు దక్కేది 15 సెకన్లే. పెద్ద చక్రంలో సమయం దొరుకుతుంది. కానీ నిమిషన్నర ఎండలో నిలబెడితే జనం సందు చూసుకుని బండ్ల మధ్య నుంచే దాటేస్తారు. అసలు ప్రమాదం అదే.

ఖర్చు: తేడా లేదు, టైమర్ మార్చడమే.

బడి, ఆస్పత్రి, సంత దగ్గర చిన్న చక్రమే పెట్టాలి, ఒక్క విడతలో దాటలేనివాళ్ల కోసం రోడ్డు మధ్య ఆగే చోటు తప్పనిసరిగా కట్టాలి. పెద్ద రహదారుల కూడళ్లలో ఆఫీసు వేళల్లో పెద్దది, రాత్రికి మళ్లీ చిన్నది.