జీతాల కోతా, ఉద్యోగాల కోతా: మాంద్యంలో ఏది మేలు?

మాంద్యం వచ్చిన ప్రతిసారీ చాలామంది అడిగేది ఇదే. వందమందిలో పదిమందిని ఇంటికి పంపే బదులు, అందరి జీతంలో పది శాతం కోస్తే సరిపోదా? కాగితం మీద కంపెనీకి మిగిలేది దాదాపు అంతే, ఎవరి ఉద్యోగమూ పోదు. అయినా గిరాకీ పడిపోతే సరుకుల ధరలు దిగినట్టు జీతాలు దిగవు. మనుషులే తగ్గుతారు.

యూనియన్లు, ఒప్పందాలు, కనీస వేతన చట్టాలు అడ్డం పడతాయన్నది మామూలుగా వినిపించే జవాబు. అందులో కొంత నిజం ఉంది. కానీ యూనియన్ లేని చోట కూడా యాజమాన్యాలు జీతాల జోలికి పోవడానికి జంకుతాయి. ఆర్థికవేత్త ట్రూమన్ బ్యూలీ 1990ల మొదట్లో, అమెరికా ఈశాన్య ప్రాంతం మాంద్యంలో ఉన్నప్పుడు, కంపెనీలు నడిపేవాళ్లనూ కార్మిక నాయకులనూ మరికొందరినీ కలిపి 300 మందికి పైగా కలిసి జీతాలు ఎందుకు కోయరని నేరుగా అడిగాడు. ఎక్కువగా వచ్చిన జవాబు ఒకటే: జీతం కోస్తే పనిచేసేవాళ్ల మనసు విరుగుతుంది.

నా దృష్టిలో అసలు కీలకం ఇదే. తీసేసిన మనిషి తన బాధతో సహా గేటు దాటి వెళ్లిపోతాడు. జీతం కోసిన మనిషి రేపు పొద్దున మళ్లీ అదే సీట్లో కూర్చోవాలి. అతను పని మానేయడు. కానీ చెప్పకుండానే చేసే చిన్న చిన్న పనులు ఆగిపోతాయి: పొరపాటు కనిపిస్తే సరిదిద్దడం, కొత్తవాడికి నేర్పడం, కస్టమర్‌తో ఇంకో రెండు నిమిషాలు ఓపిగ్గా మాట్లాడటం. ఇవేవీ ఒప్పందంలో రాసి ఉండవు, నిఘా పెట్టి రాబట్టలేం. పైగా కోత పడగానే ముందు వెళ్లిపోయేది బయట అవకాశాలున్న మంచి పనివాళ్లే. ఎవరిని పంపాలో కంపెనీ ఎంచుకునే వీలు అక్కడ ఉండదు.

మరి జీతం పెంచకుండా ఆపేస్తే? ధరలు పెరుగుతున్న కాలంలో అది కూడా కోతే, కాకపోతే కంటికి కనపడదు. 1986లో కానెమన్, నెట్ష్, థేలర్ అనే పరిశోధకులు ప్రచురించిన సర్వేలో, మాంద్యంలో ధరలు పెరగనప్పుడు 7 శాతం జీతం తగ్గించడం అన్యాయమని 62 శాతం మంది అన్నారు. ధరలు 12 శాతం పెరుగుతుంటే జీతం 5 శాతమే పెంచడాన్ని అన్యాయమన్నది 22 శాతమే. చేతికొచ్చే విలువ రెండింటిలోనూ దాదాపు ఒకే మేర తగ్గుతుంది. కానీ ఇంటి అద్దె, లోన్ ఈఎంఐ ముందే ఖరారైన అంకెల్లోనే కట్టాలి కాబట్టి జీతం అంకె తగ్గితే మనిషికి కలిగే టెన్షన్ ఉత్త భ్రమ కాదు. ధరలే పెరగని మాంద్యంలో మాత్రం ఈ దారి పెద్దగా అక్కరకు రాదు.

కొత్తగా చేరేవాళ్లకే తక్కువ ఇవ్వడం ఇంకో దారి. పక్కపక్కనే ఒకే పని చేసేవాళ్లకు రెండు రకాల జీతాలుంటే గొడవే. బోనస్ తగ్గించడం, జీతంలో బోనస్ వాటా పెద్దగా ఉన్నచోట పనికొస్తుంది.

ఇప్పటిదాకా చూసిందంతా కంపెనీ లోపలి లెక్క. ఉద్యోగం పోయినవాడి నష్టం ఆ లెక్కలోకి రాదు. పెన్సిల్వేనియాలో ఏళ్ల తరబడి ఒకేచోట పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ల మీద 1993లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, కొన్నేళ్ల తర్వాత కూడా వాళ్ల సంపాదన రావలసిన దానికంటే సుమారు 25 శాతం తక్కువగానే ఉంది. పదిమంది మీద ఇంత బరువు వేసి తొంభైమందిని తాకకుండా వదలడం న్యాయమని నేను అనుకోను.

అందుకే నా మొగ్గు మూడో దారి వైపు: పని గంటలు తగ్గించి, ఆ మేరకే జీతం తగ్గించడం. జర్మనీలో దీన్ని కుర్త్సార్బైట్ అంటారు. పోయిన నికర జీతంలో మామూలుగా 60 శాతం, పిల్లలుంటే 67 శాతం ప్రభుత్వ ఉపాధి సంస్థ ఇస్తుంది. 2009లో ఆ దేశ ఉత్పత్తి 5 శాతానికి పైగా పడిపోయినా నిరుద్యోగం కొద్దిగానే పెరిగింది. అందుకు ఇదొక్కటే కారణం కాదు, కానీ దీని వాటా ఉంది. 1970లో హ్యూలెట్ ప్యాకర్డ్ ఇలాంటి పద్ధతే ప్రభుత్వ సాయం లేకుండా పాటించింది: రెండు వారాలకోసారి శుక్రవారం పని లేదు, జీతంలో 10 శాతం కోత. ఇక్కడ గంట పనికి కట్టిన విలువ తగ్గదు, తగ్గిన డబ్బుకు బదులు సమయమైనా చేతికొస్తుంది. మనసు విరగకపోవడానికి ఆ తేడా చాలు.

అయితే కంపెనీ అమ్మే సరుకుకే శాశ్వతంగా గిరాకీ పోయినప్పుడు గంటలు తగ్గించి మనుషుల్ని అక్కడే పట్టి ఉంచడం వాళ్లకూ మంచిది కాదు. సాయం చేసి వేరే పనిలోకి పంపడమే మేలు.

ఇక నేరుగా జీతం కోయడం ఎప్పుడు చెల్లుతుంది? కంపెనీ మూతపడే స్థితిలో ఉందని పనివాళ్లు కళ్లారా చూసినప్పుడు, కోతతో చాలా ఉద్యోగాలు నిలుస్తాయని నమ్మినప్పుడు ఒప్పుకుంటారని బ్యూలీకి కూడా తెలిసింది. కాబట్టి మీ దగ్గర అలాంటి ప్రతిపాదన వస్తే మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఖాతాలు చూపిస్తారా, పైవాళ్ల జీతంలో ఎంత కోస్తున్నారు, పాత జీతం ఏ నెల నుంచి తిరిగి ఇస్తారు.