కల్లా, నీరానా, బెల్లమా: తాటిచెట్టుకు ఏది మేలు?

కావలి నుంచి కొత్తపట్నం దాకా సముద్రం పక్క ఇసుక నేలల్లో తాటిచెట్లకు కొదవ లేదు. చెట్టెక్కే మనుషులే తగ్గిపోతున్నారు. గీత కార్మికుడి కొడుకు ఆటో తోలుకుంటాననో, చెన్నై పోతాననో అంటున్నాడు. ఆ ఇంట్లో చెట్టెక్కే మోకు (తాడు) మూలన పడకుండా ఉండాలంటే ఏది అమ్మాలన్నదే నా ప్రశ్న.

మూడింటికీ మొదలు ఒకటే. పొద్దున, సాయంత్రం చెట్టెక్కి గెల కొసను కత్తితో పల్చగా చెక్కుతారు. చెక్కిన చోట రసం బొట్టు బొట్టుగా కుండలోకి దిగుతుంది. కుండ లోపల సున్నం పూస్తే రసం పులవదు, అదే నీరా. పూయకపోతే గాలిలోనూ కుండలోనూ ఉన్న ఈస్ట్ గంటల్లోనే పని మొదలుపెట్టి చక్కెరను ఆల్కహాల్ చేస్తుంది, అది కల్లు. సున్నం వేసిన రసాన్నే కాచితే తాటిబెల్లం.

కల్లుకు ఖర్చు లేదు. కట్టెలక్కర్లేదు, ఐసు అక్కర్లేదు, డబ్బు ఆ పూటే చేతికొస్తుంది. చెట్టు కింద తాటాకు దొప్పలో పోసిన పొద్దుటి కల్లు రుచి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కానీ మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది, మర్నాటికి పుల్లటి నీళ్లే. అమ్ముడుపోనిది పారబోయాల్సిందే.

పైగా కల్లు బతుకు ఎప్పుడూ ప్రభుత్వాల చేతుల్లోనే ఉంది. మద్రాసు రాష్ట్రం నాటి మద్యనిషేధం ఆంధ్ర రాష్ట్రానికీ వచ్చింది. దాన్ని ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పినా ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒప్పుకోలేదు. గీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్న పోరాడారు. చివరికి 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రభుత్వం పడిపోయింది. ఆ పంతులుగారి పేరే ఒంగోలు ఉన్న మా ప్రకాశం జిల్లాకు పెట్టుకున్నాం. తర్వాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం మీద నాకు గొప్ప గౌరవం ఉంది. కానీ చెట్టు నుంచి దిగిన కల్లునూ ప్యాకెట్ సారానూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదనే నా అభిప్రాయం. అలాగని కూలి డబ్బు కల్లు దగ్గరే అయిపోయే ఇళ్లు లేవనీ అనను.

నీరా పిల్లలూ తాగొచ్చు, పేరుకు మచ్చ లేదు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫే పెట్టారు. చిక్కంతా ఎండతోనే. రసం బాగా వచ్చేది వేసవిలో, నీరా తొందరగా చెడేదీ అప్పుడే. సున్నం కొంతసేపే కాపాడుతుంది, ఆ తర్వాత చల్లగా ఉంచాల్సిందే. తోట నుంచి టౌనుకు చేరేలోపు ఎక్కడా ఐసు దొరకకపోతే అది దారిలోనే కల్లయిపోతుంది. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల తోటలున్నవాళ్లకు పర్వాలేదు. లోపలి ఊళ్లకు నేను చెప్పను.

బెల్లం కష్టం వేరు. కిలో బెల్లానికి దాదాపు 8 లీటర్ల రసం కావాలి, గంటల తరబడి పొయ్యి దగ్గర కూర్చోవాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుంది, కట్టెలకూ డబ్బు కావాలి. అయినా నా ఓటు బెల్లానికే. ఆ రోజే అమ్మాలనే టెన్షన్ లేదు, రేటు నచ్చకపోతే ఆగొచ్చు. తడి తగలకుండా దాస్తే నెలలు నిలుస్తుంది. చెట్టెక్కినవాడి కష్టానికి బేరమాడే బలం బెల్లంతోనే వస్తుంది.

గెల చెక్కితే ముంజలు రావన్న సంగతి మాత్రం మరవకూడదు. అందుకే మగచెట్లను గీతకు పెట్టి, ఆడచెట్లలో కొన్నింటిని ముంజలకు వదిలేస్తే మంచిది. రసం మిగిలే ఊళ్లో నలుగురైదుగురు కలిసి ఒక పెద్ద పెనం, ఒక మంచి పొయ్యి పెట్టుకుంటే కట్టెల ఖర్చూ పంచుకోవచ్చు. పొద్దున చెట్టు కిందికి వచ్చి అడిగేవాళ్లకు నాలుగు లొట్ల కల్లు పక్కన పెట్టి, మిగతాది పెనంలో పోయాలి.