హావ్‌లాక్‌లో డైవింగ్: అద్దె సామానుకి మనం ఏం చేసుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు

ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ (స్కూబా డైవింగ్ మొదటి కోర్సుది) ఉండి, సొంత సామాను లేకుండా అండమాన్ వెళ్ళేవాళ్ళ కోసం రాస్తున్నాను. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది), బీసీడీ (గాలి నింపితే మనిషిని తేల్చే జాకెట్టు), ఫిన్స్ అన్నీ మోసుకెళ్తే విమానంలో లగేజీ బరువంతా వాటికే సరిపోతుంది కాబట్టి హావ్‌లాక్‌లో అద్దెకి తీసుకోక తప్పదు. ఈ ద్వీపానికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ, జెట్టీ దగ్గర ఇప్పటికీ హావ్‌లాక్ అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది.

బస విషయం ముందు చెప్పేస్తాను. రాధానగర్ బీచ్ ఎంత అందంగా ఉన్నా, డైవింగే ముఖ్యమైతే గోవింద్ నగర్ లేదా విజయనగర్ వైపు దిగడం మేలు. డైవ్ సెంటర్లు ఎక్కువగా అటే ఉంటాయి, పడవలు పొద్దున్నే బయల్దేరతాయి. నేను గోవింద్ నగర్‌లో ఒక మామూలు కాటేజీ తీసుకున్నాను. ఏసీ అంతంతమాత్రమే. కానీ వరండాలో దండెం, బయట మంచినీళ్ళ కుళాయి ఉన్నాయి. ఉప్పునీళ్ళలో మునిగిన మాస్కు, డైవ్ కంప్యూటరు (లోతు, సమయం చూపించేది) కడిగి నీడన ఆరేసుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

మొదట వెళ్ళిన సెంటర్లో సామాను కొత్తగా మెరుస్తోంది. బీసీడీలో గాలి నింపి మీట వదిలాక కూడా సన్నగా బుస్సుమంటూనే ఉంది. చూపిస్తే కౌంటర్లో అతను దానిమీద కాసిని నీళ్ళు పోసి, "అవన్నీ మేం చూసుకుంటాం సార్, మీరు పడవ ఎక్కండి చాలు" అన్నాడు. ఆ మీట నీళ్ళలో ఇరుక్కుపోతే బీసీడీ దానంతటదే ఉబ్బి మనిషిని పైకి ఎత్తేస్తుంది. గబగబా పైకి తేలడం ఊపిరితిత్తులకి ఎంత ప్రమాదమో కోర్సులో మొదటి రోజుల్లోనే చెప్తారు. అక్కడ డైవ్ చేయలేదు.

రెండో సెంటర్లో సామాను పాతదే. కానీ ప్రతి రెగ్యులేటర్‌కీ సర్వీసు తేదీ రాసిన చీటీ వేలాడుతోంది, గాలి లీకవకుండా వేసే విడి ఓ-రింగుల డబ్బా బల్లమీదే ఉంది. సామాను ఇచ్చే కుర్రాడిది సోంపేట అట. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీ విజయపురం) మన ఉత్తరాంధ్ర వాళ్ళు చాలామందే ఉన్నారు, ఇక్కడా ఒకరు దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది. "నా క్లిప్పులు కొన్ని తగిలించుకోవచ్చా తమ్ముడూ?" అని అడిగితే, "తగిలించండన్నా, అయ్యాక ఓసారి ఇన్‌స్ట్రక్టర్‌కి చూపించండి" అన్నాడు. సెంటర్ ఎలాంటిదో ఆ ఒక్క జవాబుతో నాకు తెలిసిపోయింది.

నేను మార్చుకున్నవి చిన్నవే. అద్దె సెట్లలో పసుపు ఆక్టోపస్‌ని (తోటి డైవర్‌కి గాలి ఇవ్వడానికి ఉండే అదనపు మౌత్‌పీస్, గొట్టం) చాలాసార్లు జేబులో కుక్కేస్తారు, లేదా వేలాడనిస్తారు. అది ఇసుకలో ఈడ్చుకుంటుంది, తోటి డైవర్‌కి గాలి అయిపోయిన క్షణంలో చేతికి అందదు. గడ్డానికీ పక్కటెముకలకీ మధ్య, ఛాతీ మీద, లాగితే ఊడొచ్చే సిలికాన్ హోల్డర్‌లో పెట్టాను. సిలిండర్లో గాలి ఎంతుందో చూపే ప్రెషర్ గేజ్ పగడాలకి తగలకుండా దాని గొట్టానికి ఒక బోల్ట్ స్నాప్ (కొక్కెం) కట్టి, బీసీడీ ఎడమవైపు డీ-రింగ్‌కి తగిలించాను. ఇక్కడ ఒక కిటుకు ఉంది. స్నాప్‌ని ఇనుప రింగుతో కాకుండా సన్నటి నైలాన్ తాడుతో కట్టాలి, ఎక్కడైనా చిక్కుకుంటే కోసి బయటపడొచ్చు. మౌత్‌పీస్ నాదే వేయించుకుని, జిప్ టై బిగిసిందో లేదో లాగి చూశాను. బీసీడీకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ గొట్టానికి ఈల, జేబులో సిగ్నల్ బోయ్ (గాలి నింపి నీళ్ళ మీద నిలబెట్టే గుర్తు). డిక్సన్స్ పినాకిల్ లాంటి చోట ప్రవాహం పక్కకి లాగేస్తే పడవవాళ్ళకి మనం కనబడాలంటే అదే దిక్కు.

సిలిండర్‌కి బిగించే ఫస్ట్ స్టేజ్ జోలికి మాత్రం పోకూడదు. నోటి దగ్గర ఉండే సెకండ్ స్టేజ్ మూత విప్పడం, గొట్టాలు మార్చడం కూడా మన పని కాదు. ఆక్టోపస్ గొట్టం పొడుగుది కావాలంటే వాళ్ళనే అడగాలి. వెయిట్ బెల్ట్ బకిల్ మీద గానీ, బీసీడీ గాలి వదిలే వాల్వ్ తాళ్ళకి అడ్డంగా గానీ ఏదీ తగిలించకూడదు. ఆపద వేళ చెయ్యి నేరుగా వెళ్ళాల్సిన చోట్లు అవి.

బిగించాక గేజ్ చూస్తూ నాలుగైదు సార్లు గట్టిగా గాలి పీల్చాలి. పీల్చినప్పుడల్లా ముల్లు పడి లేస్తుంటే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరవలేదన్నమాట. బీసీడీని నిండా నింపి టీ తాగి వచ్చేదాకా వదిలేస్తే లీకు ఉంటే తెలిసిపోతుంది. ఇన్‌ఫ్లేటర్ గొట్టాన్ని చూడకుండా ఒక చేత్తో ఊడదీయడం కూడా ఒడ్డునే రెండుసార్లు చేసి చూడండి. ఇదంతా అయ్యాక తోటి డైవర్‌కి "పసుపుది ఇక్కడుంది, ఇలా లాగాలి" అని చేత్తో లాగించి మరీ చూపించాలి. మనం మార్చిన సంగతి వాళ్ళకి తెలియకపోతే ఆ మార్పే ప్రమాదం.

మొదటి డైవ్ నెమో రీఫ్‌లో, తక్కువ లోతులో చేశాం. తెలియని సామానుతో బరువులు సరిచూసుకోవడానికి అలాంటి చోటే కావాలి. లోతైన జానీస్ గార్జ్ లాంటివి తర్వాత.

తిరుగు ప్రయాణం జాగ్రత్తగా వేసుకోండి. వరుసగా డైవ్‌లు చేస్తే చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. డీకంప్రెషన్ జబ్బు (ఒత్తిడి తగ్గి ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టడం) వస్తే వైద్యం చేసే ఛాంబర్ పోర్ట్ బ్లెయిర్ నేవీ ఆసుపత్రిలో ఉంది, హావ్‌లాక్ నుంచి సముద్రం దాటి వెళ్ళాలి. అందుకే డైవ్ ఇన్సూరెన్స్ కాగితం ఒక కాపీ సెంటర్లో ఇచ్చి, ఇంకోటి దగ్గర పెట్టుకున్నాను.