అనంతపురంలో క్రాసింగ్, ఫినిషింగ్ క్లాసు: పాఠం మంచిది, వరుసే పొడవు

ఫుట్‌బాల్ నేర్పే క్లాసులు అనంతపురానికి కొత్త కాదు. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్పోర్ట్స్ విలేజ్ పుణ్యమా అని పల్లెల పిల్లలు కూడా స్టడ్స్ (అడుగున బుడిపెలున్న బూట్లు) కట్టుకుని తిరిగే ఊరు ఇది. ఈ క్లాసు మాత్రం ఒక్క పనికే పెట్టారు: వింగ్ (గ్రౌండు పక్క అంచు) మీద నుంచి బంతిని గోల్ ముందున్న బాక్సులోకి వేయడం, అంటే క్రాస్; వేసినదాన్ని గోల్ చేయడం, అంటే ఫినిషింగ్. వారానికి మూడు సాయంత్రాలు, రోజుకు గంటన్నర, మొత్తం ఆరు వారాలు. 11 నుంచి 16 ఏళ్ల వాళ్లు 20 మంది ఒకే బ్యాచ్. పేరు రాయడం లేదు. కింద చెప్పే లోపాలు ఊళ్లో ఏ గ్రౌండుకు పోయినా కొంచెం అటూ ఇటుగా కనిపించేవే.

మంచి ముందు చెప్పుకోవాలి. క్రాస్ కొట్టే పద్ధతి ఇక్కడ సరిగ్గా నేర్పుతున్నారు. మొదటి వారమంతా కొట్టే కాలి సంగతే ఎత్తరు, నిలిపే కాలితో మొదలుపెడతారు. బంతి పక్కన జానెడు ఎడంగా సున్నంతో ఒక గీత గీస్తారు. గీత మొన పెనాల్టీ స్పాట్ (గోల్ ఎదుట ఉండే చుక్క) వైపు ఉంటుంది. నిలిపే పాదం ఆ గీత మీదే పడాలి. గ్రౌండు పక్క గీత వెంట ఉరికి వచ్చే పిల్లాడి పాదం ఎప్పుడూ కార్నర్ జెండా వైపే చూస్తుంది, తుంటి కూడా అటే ఉంటుంది. అట్లే కొడితే బంతి గోల్ వెనకాల పడుతుంది. పాదం తిరిగితే తుంటి తిరుగుతుంది, తుంటి తిరిగితే బంతి లోపలికొస్తుంది. మూడో రోజుకే చాలామందికి తేడా కనిపించింది.

రెండోది తల ఎత్తడం. బంతి కాళ్ల కింద ఇరుక్కోకుండా రెండు మూడడుగులు ముందుకు తోసే ఆ చివరి టచ్‌కు ముందే బాక్సులోకి చూడాలి, తర్వాత చూపు బంతి మీదే ఉండాలి. సహాయ కోచ్ పెనాల్టీ స్పాట్ దగ్గర నిలబడి వేళ్లు చూపిస్తారు. కొట్టేవాడు "మూడు!" అనో "రెండు!" అనో అరిచి మరీ కొట్టాలి. చూడకుండా కొట్టినవాడు తప్పు చెప్పి దొరికిపోతాడు. ఖర్చు లేని ఉపాయం, ఏ బడి గ్రౌండులోనైనా చేయించొచ్చు. గాల్లో పోవాలంటే బంతి కింది భాగానికి, బొటనవేలి వెనకున్న ఎముకతో, ఒళ్లు కాస్త వెనక్కి వంచి కొట్టాలి. నేలబారుగా పోవాలంటే బంతి నడుమకు, మోకాలు బంతి మీదికి వచ్చేలా కొట్టాలి. ఎదురుగా ఉన్న మొదటి డిఫెండర్‌కే తగులుతోందంటే, సగం సార్లు తప్పు కొట్టుడులో ఉండదు. పక్కకు జరిగి సందు చేసుకోకుండానే కొట్టి ఉంటాడు.

కట్‌బ్యాక్‌కు ఒక వారం కేటాయించడం ఈ క్లాసులో అన్నిటికంటే మెచ్చదగ్గ సంగతి. గోల్ లైన్ దాకా పోయి, అక్కడి నుంచి బంతిని వెనక్కి, పెనాల్టీ స్పాట్ వైపు నేలబారుగా ఇవ్వడం. బంతి కంటే వెనక ఉన్నవాడు ఆఫ్‌సైడ్ (డిఫెండర్లను దాటి గోల్ దగ్గర ముందే ఉండే తప్పు) కాడు. కాబట్టి వెనక నుంచి ఉరికి వచ్చే స్ట్రైకర్‌కు ఆ భయం లేదు. డిఫెండర్లేమో తమ గోల్ వైపు తిరిగి ఉరుకుతుంటారు, వెనక ఎవడొస్తున్నాడో వాళ్లకు కనపడదు. పిల్లల కాళ్లలో ఇంకా బలం చాలదు గనక 40 గజాల దూరం ఎత్తుగా వేసే క్రాస్ కంటే ఈ 12 గజాల పాసే వాళ్లకు ఎక్కువ గోల్స్ ఇస్తుంది.

ఫినిషింగ్‌లో మూడు పరుగులు నేర్పుతారు. ఒకడు దగ్గరి పోస్టుకు, ఒకడు దూరపు పోస్టుకు, ఒకడు పెనాల్టీ స్పాట్ దగ్గరికి. పాఠం సరైనదే. అయితే క్రాస్ వేసేవాడు చివరి టచ్ వేసి తల దించిన క్షణాన పరుగు మొదలవ్వాలి. పిల్లలు ముందే పోయి పోస్టు దగ్గర నిలబడిపోతారు, బంతేమో వీపు వెనక నుంచి పోతుంది. "ముందే పోయి ఆడ నిలబడితే ఏం లాభమప్పా, బంతి వస్తాంది, దాని మీదికి నువ్వు పో!" అని కోచ్ గంటన్నరలో ఇరవై సార్లయినా అరుస్తారు. అరిస్తే కుదిరేది కాదిది. పరుగెత్తేవాడి ముందు ఒక డిఫెండర్‌ను పెడితే, వాడి చూపు తప్పించడానికి రెండడుగులు వెనక్కేసి ఆగడం పిల్లాడు తనంతట తనే నేర్చుకుంటాడు. మొదటి నాలుగు వారాలూ డిఫెండర్ అనేవాడే లేడు. ఆ తర్వాత వచ్చినా కోన్ లాగా నిలబడ్డాడు.

ఇక అసలు గొడవ. 20 మందికి వాడేది ఒక్క గోలు. ఒక క్రాస్, ఒక షాట్, బంతి తెచ్చుకోవడం కలిపి దాదాపు 25 సెకన్లు. ఒక్కో సారికి ఇద్దరే ఆడతారు గనక మళ్లీ వంతు రావడానికి నాలుగు నిమిషాలు దాటుతుంది. 40 నిమిషాల డ్రిల్లులో ఒక్కొక్కడికి పది వంతులు కూడా రావు, అందులో క్రాస్ కొట్టేవి సగమే. అంటే రోజుకు అయిదు క్రాసులు! మిగతా సేపంతా రేషన్ షాపు ముందు నిలబడ్డట్టే. గ్రౌండులో రెండో గోలు ఉంది, గుంజకు బట్టలారేసి ఉంటాయి. రెండు గోల్స్‌ను 35 మీటర్ల ఎడంలో ఎదురెదురుగా పెట్టి, రెండు పక్కలా పది మీటర్ల దారి వదిలి, మధ్యలో నలుగురికి నలుగురు, ప్రతి దారిలో జట్టుకొక వింగర్ ఉంటే ఒకేసారి పన్నెండు మంది పనిలో ఉంటారు, కీపర్లు కాక. మిగిలిన ఆరుగురు మూడు నిమిషాలకోసారి మారితే చాలు. పన్నెండు బంతులు ఎట్లాగూ ఉన్నాయి.

వాడుతున్న ఆ ఒక్క గోలు తూర్పు కొసన ఉంది. సాయంత్రం అయిదింటప్పుడు ఎండంతా కీపర్ కళ్లలోనే. ఎత్తుగా వచ్చిన క్రాస్‌కు వాడు చేయి అడ్డం పెట్టుకుని వెతుక్కుంటుంటే హెడర్ (తలతో కొట్టిన బంతి) లోపలికి పోతుంది, అందరూ చప్పట్లు. ఆ గోల్ వల్ల స్ట్రైకర్ ఏమీ నేర్చుకోలేదు, సూర్యుడి దయ అంతే. ఎత్తు క్రాసులు ఎండ వాలాక పెట్టుకుని, ముందు అరగంట నేలబారువి చేయించొచ్చు.

గాలి సంగతి అంతకంటే ముఖ్యం. జూన్ నుంచి ఈ నేలమీద నైరుతి గాలి ఎట్లా తోస్తుందో చెప్పనక్కర్లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. తూర్పు గోల్ వైపు ఆడేటప్పుడు కుడి వింగ్ నుంచి ఎత్తిన బంతిని గాలి పట్టుకుని దూరపు పోస్టు దాటించేస్తుంది. ఎడమ వైపు నుంచి వేసినది గాలికి ఎదురై మధ్యలోనే చచ్చి పడుతుంది. కుడి వైపు పిల్లలకు "బలం తగ్గించు" అని మాత్రమే చెప్పారు. బలం తగ్గిస్తే గాలి లేని రోజున బంతి చేరదు. గాలి రోజున కుడి వైపు నుంచి నేలబారు, ఎడమ వైపు నుంచి కీపర్‌కు దూరంగా వంగే ఎత్తు బంతి అని విడదీసి చెప్పాల్సింది.

బంతుల మీద ఒక మాట. అందరికీ సైజు 5, రాయిలా గాలి కొట్టినవి. నిబంధనల ప్రకారం బంతి ఒత్తిడి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్, అంటే 8.5 నుంచి 15.6 పౌండ్లు. పిల్లలకు కింది అంచే సరి. పొద్దున నిండా కొట్టిన బంతి మధ్యాహ్నపు వేడికి ఇంకా బిగుస్తుంది. 12 ఏళ్లలోపు వాళ్లకు సైజు 4 ఇవ్వాలి. గ్రౌండు చుట్టూ ఉన్న సర్కారు తుమ్మ ముళ్ల వల్ల నెలకు రెండు బంతులు పోతున్నాయి, అది ఎవరి తప్పూ కాదు.

చిన్నవాళ్లకూ పెద్దవాళ్లతో సమానంగా హెడర్లు చేయించడం ఒప్పుకోదగ్గది కాదు. పదేళ్ల దాకా వాళ్లకు హెడింగ్ వద్దని అమెరికా ఫుట్‌బాల్ సంఘం 2015లోనే చెప్పింది. అండర్-11 దాకా ప్రాక్టీసులో వద్దని ఇంగ్లండ్ సంఘం 2020లో చెప్పింది. 11 దాటినా మెత్తటి బంతితో, చేత్తో విసిరి, వారానికి కొన్నే చేయించాలి. దూరపు పోస్టుకు పొడుగు పిల్లల్నే ఏరి పెట్టడం ఇంకో వింత. సికింద్రాబాద్‌లో పుట్టిన భారత స్ట్రైకర్ సునీల్ ఛెత్రీ అయిదడుగుల ఏడంగుళాలే, తలతో కొట్టిన గోల్స్ తక్కువా?

పంపాలనుకుంటే 13 దాటిన పిల్లల్ని పంపొచ్చు, ముఖ్యంగా వింగర్లను. కీపర్లకు మాత్రం ఇక్కడ ఏమీ లేదు, వాళ్లను బంతులు ఆపే గోడలాగే చూస్తున్నారు. ఎడమ కాలు వాడించమని మొదటి రోజే అడగండి, అడిగితే చేయిస్తారు. గట్టి ఎర్రమట్టి నేల కాబట్టి పొడుగు స్టడ్స్ వద్దు, పొట్టి రబ్బరు బుడిపెల బూట్లు చాలు. సైజు 4 బంతి కావాల్సినవాళ్లు ఇంటి నుంచే తెచ్చుకోవాలి, ముల్లు దిగితే అతికించేందుకు ఒక ప్యాచ్ కూడా.