బీర్వాలో రెండు రోజులు: ఇర్విన్‌ల జూ, దాని వెనక ఆసుపత్రి

బ్రిస్బేన్ వెళ్లే మన కుటుంబాలు చాలామట్టుకు గోల్డ్ కోస్ట్ థీమ్ పార్కులకు మూడు రోజులు పెట్టి, ఆస్ట్రేలియా జూకి ఒక పూట విదిలిస్తాయి. ఆ ఒక్క పూటలో మొసళ్ల షో, కోలాతో ఫోటో అయ్యేసరికి తిరుగు రైలుకి టైమవుతుంది. ఈ జూ ఎందుకు ప్రత్యేకమో చెప్పే భాగం మాత్రం చూడకుండానే మిగిలిపోతుంది.

1970లో బాబ్, లిన్ ఇర్విన్ దంపతులు క్వీన్స్‌లాండ్‌లోని బీర్వా అనే చిన్న ఊళ్లో నాలుగెకరాల్లో పాములు, మొసళ్ల పార్కు పెట్టారు. కొడుకు స్టీవ్ దాన్ని పెద్ద జూ చేశాడు. టీవీలో మొసళ్లను పట్టే మనిషిగా ప్రపంచమంతా తెలిశాడు. 2006 సెప్టెంబరు 4న స్టింగ్‌రే అనే సముద్రపు చేప ముల్లు గుండెల్లో దిగి చనిపోయే నాటికి కూతురు బిండీకి ఎనిమిదేళ్లు, కొడుకు రాబర్ట్‌కి ఇంకా మూడు నిండలేదు. ఆ నెలలోనే జూలోని క్రోకోసియం అనే స్టేడియంలో జరిగిన సంస్మరణ సభలో బిండీ స్వయంగా కాగితం చూసి మాట్లాడింది. మరుసటి ఏడాది పిల్లల టీవీ కార్యక్రమం చేసింది. దానికి 2008లో డేటైమ్ ఎమ్మీ టీవీ అవార్డు కూడా వచ్చింది. పసితనంలోనే అంత పేరొచ్చిన పిల్లలు ఆ వెలుగులోనే ఉండిపోవడం మామూలు. ఈ అమ్మాయి మాత్రం అమ్మ టెర్రీతో, తమ్ముడితో కలిసి జూ పనిలోనే స్థిరపడింది. పెళ్లి కూడా 2020 మార్చిలో అక్కడే చేసుకుంది. ఆ పని ఏమిటో చూడాలనుకునేవారు రెండు రోజులు కేటాయించుకోవాలి. కనీసం ఒకటిన్నర రోజైనా ఉండాలి.

హైదరాబాద్ నుంచి బ్రిస్బేన్‌కి నేరుగా విమానం లేదు. సింగపూర్ మీదుగా వెళ్లడం తేలిక. క్వీన్స్‌లాండ్ టైము మన కన్నా నాలుగున్నర గంటలు ముందుంటుంది. ఏడాదంతా మారదు. అక్కడి వేసవిలో సిడ్నీ టైము దీనికన్నా ఒక గంట ముందుకెళ్తుంది కాబట్టి అక్కణ్నుంచి వచ్చేవాళ్లు టికెట్ల మీద టైము సరిచూసుకోవాలి. బీర్వా బ్రిస్బేన్‌కి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్లు, కారులో గంటకు కాస్త అటూ ఇటూ. ఎయిర్‌పోర్టు నుంచి బ్రూస్ హైవే పట్టుకుంటే దారిలో టోల్ ఉండదు. జూ ముందు పార్కింగ్ ఉచితం. మన లైసెన్స్ కార్డు ఇంగ్లీషులో ఉంటే పర్యాటకులకు సరిపోతుంది. ఏడేళ్లలోపు పిల్లలకు వయసుకు తగ్గ సీటు చట్టప్రకారం తప్పనిసరి. కారు బుక్ చేసేటప్పుడే సీటు కూడా అడిగి పెట్టుకోవాలి. కౌంటర్ దగ్గర అడిగితే చాలాసార్లు మిగలవు.

రైలు చాలా చవక. 2024 ఆగస్టు నుంచి ఆ రాష్ట్రంలో ఎయిర్‌పోర్టు రైలు తప్ప సిటీ బస్సు, రైలు ప్రయాణం ఏదైనా 50 సెంట్లే. బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే చాలు, దిగేటప్పుడు మళ్లీ ట్యాప్ చేయడం మర్చిపోకూడదు. సెంట్రల్ లేదా రోమా స్ట్రీట్ స్టేషన్‌లో సన్‌షైన్ కోస్ట్ లైన్ రైలు ఎక్కి బీర్వాలో దిగాలి. చిక్కు రెండు చోట్ల ఉంది. ఉత్తరం వైపు లైన్ చాలావరకు సింగిల్ ట్రాక్, అందుకే సిటీ రైళ్లంత తరచుగా ఉండవు. శని ఆదివారాల్లో ట్రాక్ పనులుంటే రైలు బదులు బస్సు వేస్తారు, దాంతో అదనంగా సమయం పడుతుంది. ముందురోజు రాత్రి అక్కడి రవాణా సంస్థ ట్రాన్స్‌లింక్ ఆన్‌లైన్ ప్లానర్‌లో ఆ తేదీ పెట్టి చూడండి. రెండో చిక్కు స్టేషన్ నుంచి జూకి ఉన్న నాలుగైదు కిలోమీటర్లు. జూ వాహనం కావాలంటే ముందుగా అడిగి ఖాయం చేసుకోవాలి, నమ్ముకుని దిగితే కుదరదు. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటే కారే మేలు.

జూ ఉదయం 9 గంటలకు తెరుస్తారు, డిసెంబరు 25న మాత్రం మూసేస్తారు. గేటు తీసిన మొదటి గంట చాలా విలువైనది. అప్పుడు కంగారూలు మేత కోసం దగ్గరికొస్తాయి. పదకొండు దాటాక కడుపు నిండి నీడన పడుకుంటాయి. లోపల అమ్మే మేతే పెట్టాలి, ఇంటినుంచి తెచ్చిన బ్రెడ్డు పెడితే వాటికి జబ్బు చేస్తుంది. కోలాలు రోజుకు 18 గంటలు, ఇంకా ఎక్కువే నిద్రపోతాయి కాబట్టి వాటిని ఎప్పుడు చూసినా ఒకటే. ఫోటో బుక్ చేసేటప్పుడు ఎత్తుకోవడమా, పక్కన నిలబడటమా అనేది అక్షరం అక్షరం చదవండి. బ్రిస్బేన్‌లో 1927 నుంచి ఉన్న లోన్ పైన్ అభయారణ్యం 2024లో కోలాలను ఎత్తుకోనివ్వడం మానేసింది. పాత వీడియోలు చూసి వెళ్లి నిరాశపడేవాళ్లు ఎక్కువ. కోలా కోసమే అయితే సిటీ బస్సు వెళ్లే లోన్ పైన్ చాలు, ఇంత దూరం రానక్కర్లేదు.

క్రోకోసియం అయిదు వేల మంది పట్టే స్టేడియం. షో మధ్యాహ్నం వేళ. అరగంట ముందు వెళ్తేనే నీడలో సీటు దొరుకుతుంది. ఇర్విన్ కుటుంబం వేదిక మీదికి వస్తుందన్న హామీ ఉండదు. బడి సెలవుల్లో కనిపించే అవకాశం ఎక్కువ, జనం కూడా అప్పుడే ఎక్కువ. దాన్ని చూసి తేదీలు పెట్టుకోవద్దు. మొసలి కోసమైతే నవంబరు నుంచి మార్చి వరకు మంచిది. వాటిది చల్లని రక్తం, జూన్ నుంచి ఆగస్టు చలిలో ఆకలి మందగిస్తుంది, మాంసం చూపించినా బద్ధకంగా కదులుతాయి. సంగారెడ్డి దగ్గర మంజీరాలో మన మొసలిని చూసినవాళ్లకు ఇక్కడి ఉప్పునీటి మొసలిలో తేడా తెలుస్తుంది. ఒడ్డున మెదలకుండా పొంచి, నీళ్లలోంచి నిట్టనిలువుగా లేస్తుంది. ఎండాకాలపు ఉక్క, సాయంత్రం ఉరుముల వాన కూడా ఆ నవంబరు-మార్చి నెలల్లోనే ఉంటాయని గుర్తుంచుకుని టోపీ, సన్‌స్క్రీన్, మంచినీళ్ల సీసా తీసుకెళ్లండి. ఆఫ్రికా జంతువులుండే సవన్నా విభాగం చాలా లోపలికి ఉంటుంది. లోపల తిరిగే షటిల్ ఎక్కితే కాళ్లు మిగులుతాయి.

ఇక జంతువుల ఆసుపత్రి. జూ పక్కనే ఉంటుంది. 2004లో పాత అవకాడో ప్యాకింగ్ షెడ్డులో లిన్ ఇర్విన్ జ్ఞాపకార్థం మొదలైంది, 2008లో కొత్త భవనం కట్టారు. ఇప్పటికి లక్షకు పైగా అడవి జంతువులకు వైద్యం జరిగింది. కోలాలు ఎక్కువగా మూడు కారణాలతో వస్తాయి: కారు గుద్దడం, కుక్క కరవడం, క్లామిడియా అనే అంటుజబ్బు. చెట్లు పోయి రోడ్లు వచ్చిన చోట కోలా నేలమీద నడవాల్సి వస్తుంది. మొదటి రెండూ అక్కడే జరుగుతాయి. 2022లో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్‌లలో కోలాను అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు. ఈ కుటుంబం చేసే పని ఏమిటో స్టేడియంలో కన్నా ఇక్కడే కనిపిస్తుందని నా గట్టి అభిప్రాయం. సందర్శనకు ఏర్పాటు విడిగా ఉంటుంది, జూ టికెట్‌తో పాటే ఖాయం చేసుకోండి. దీన్ని రెండో రోజు ఉదయానికి పెట్టుకుంటే హడావిడి ఉండదు. పిల్లలకు ముందే చెప్పాలి: అక్కడ గాయాలు, కట్లు కనిపిస్తాయి.

బస విషయంలో జూ వాళ్లదే క్రోకోడైల్ హంటర్ లాడ్జ్ 2022 నుంచి ఉంది. క్యాబిన్ నుంచి కంగారూలు, ఈమూలు కనిపిస్తాయి. బాగుంటుంది, ఖరీదు ఎక్కువ, క్యాబిన్లు తక్కువ, సెలవులకు నెలల ముందే నిండుతాయి. ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి కలౌండ్రాలో కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోవడమే తెలివైన పని: కారులో అరగంట లోపే, ముందు సముద్రం, అన్నం వండుకోవచ్చు. నిశ్శబ్దం కావాలంటే కొండమీద మలేనీ. అక్కడి మేరీ కెయిర్న్‌క్రాస్ అడవిలో చిన్న కంగారూ జాతి పాడిమెలన్లు కనిపిస్తాయి. అక్కణ్నుంచే గ్లాస్ హౌస్ కొండలన్నీ ఒక్కచూపులో అందుతాయి. కొండెక్కాలనుంటే 2.8 కిలోమీటర్ల గుంగున్ దారి చాలు. 556 మీటర్ల బీర్వా కొండ ఆదివాసులకు పవిత్రం, ఎక్కవద్దని వాళ్లు కోరుతున్నారు.

శాకాహారులకు జూ క్యాంటీన్‌లో చిప్స్, సలాడ్ మించి పెద్దగా ఆశించవద్దు. పులిహోర డబ్బా కట్టుకుపోవడం మంచిది. విమానంలో తెచ్చిన తినుబండారాలన్నీ ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేయాలి, లేదంటే భారీ జరిమానా.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో చీకటి పడేవేళ వేగం తగ్గించండి, జంతువులు రోడ్డు దాటే సమయం అదే. గాయపడ్డ జంతువు కనిపిస్తే 1300 264 625కి ఫోన్ చేయండి. తల్లి చనిపోయినా సంచిలో పిల్ల బతికి ఉండొచ్చు. చనుమొన నోట్లో ఉంటే లాగకూడదు, నోరు దెబ్బతింటుంది. గుడ్డ చుట్టి, వెచ్చగా, చీకటిగా ఉంచి, సాయం వచ్చేదాకా ఆవుపాలు గాని మరేదైనా గాని పట్టకుండా ఉండాలి.