ముసలితనం: హెబ్రీ లేఖనాలా, కొత్త నిబంధనా, ఏది మేలు?

ఇజ్రాయెల్ సిటీ బస్సుల్లో ముందు సీట్ల దగ్గర 'తల నెరసినవాని యెదుట లేవాలి' అని హీబ్రూలో రాసి ఉంటుంది. మన బస్సుల్లో 'వృద్ధులకు' అని రాసినట్టే, కాకపోతే వాళ్లది లేవీయకాండం 19వ అధ్యాయంలోని ఆజ్ఞ. లేవీయకాండం ఉన్న ఈ యూదుల హెబ్రీ లేఖనాలే క్రైస్తవుల బైబిల్లో పాత నిబంధన కాబట్టి, ఇక్కడ పోల్చేది రెండు పుస్తకాలను, రెండు మతాలను కాదు.

హెబ్రీ లేఖనాల్లో నాకు నచ్చేది మొహమాటం లేకపోవడం. సామెతల గ్రంథం నెరిసిన జుట్టును కిరీటం అంటుంది, సరే. ఇస్సాకుకు చూపు పోయాక సొంత కొడుకే మేకపిల్లల తోలు చేతులకు చుట్టుకొచ్చి మోసం చేస్తాడు. ముసలి రాజు దావీదుకు ఎన్ని దుప్పట్లు కప్పినా ఒంట్లో వెచ్చదనం రాదు. ప్రసంగి గ్రంథం 12వ అధ్యాయంలో ముసలి ఒళ్లు పాడుబడుతున్న ఇల్లు: తిరగలి విసిరేవాళ్లు తగ్గిపోతారు, అంటే పళ్లు, కిటికీల్లోంచి చూసేవాళ్లకు మసక కమ్ముతుంది, అంటే కళ్లు. పిట్ట కూస్తే చాలు, మెలకువ వచ్చేస్తుంది. నాలుగింటికే లేచి కూర్చునే పెద్దవాళ్లున్న ఇంట్లో దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

అన్నిటికన్నా బర్జిల్లయి కథ. కొడుకు తిరగబడితే పారిపోయిన దావీదుకు మహనయీము అనే ఊళ్లో తిండి పెట్టి ఆదుకున్నవాళ్లలో ఈయన ఒకడు. గెలిచాక రాజు 'నాతో యెరూషలేముకు రా, నిన్ను నేను చూసుకుంటా' అంటాడు. ఆయనకప్పటికి 80 ఏళ్లు. తిన్నదాని రుచి తెలియడం లేదు, పాడేవాళ్ల పాట వినబడదు, నీకు నేనొక బరువెందుకు, అమ్మానాన్నల సమాధి దగ్గర మా ఊళ్లోనే పోతాను, కావాలంటే నా బదులు ఈ కింహామును తీసుకెళ్లు అంటాడు. రాజు బలవంతపెట్టడు. ముద్దుపెట్టుకుని దీవించి పంపేస్తాడు.

కొత్త నిబంధనకు ఇంత తీరిక లేదు. సుమెయోను అనే భక్తుడు, అన్న అనే ముసలి విధవరాలు వస్తారు గానీ వాళ్ల చూపంతా దేవాలయానికి తెచ్చిన పసిబిడ్డ యేసు మీదే. బయటి మనిషి కృశిస్తున్నా లోపలి మనిషి రోజురోజుకూ కొత్తవాడవుతాడని అపొస్తలుడు పౌలు అంటాడు. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఆ ఓదార్పు ఎంతవరకు ఆనుతుందో!

కానీ అన్నం ఎవరు పెట్టాలనే టెన్షన్ తీర్చడంలో ఇదే మెరుగు. మొదటి తిమోతి పత్రిక 5వ అధ్యాయం లెక్క తేల్చేస్తుంది: ముందు పిల్లలు, మనవలు, ఎవరూ లేని 60 నిండిన విధవరాలైతే క్రైస్తవ సంఘం లిస్టులో పేరు. దానికి మంచిపేరు కూడా ఉండాలట, అది మాత్రం నాకు మింగుడుపడదు. 'నీకు రావలసినది కొర్బాను, దేవుడికి ఇచ్చేశాను' అని తల్లిదండ్రులకు చేతులెత్తేసేవాళ్లను మార్కు సువార్త 7లో యేసు కడిగేస్తాడు, అదీ మోషే ఆజ్ఞను గుర్తుచేస్తూనే.

కాబట్టి పోషణకు కొత్త నిబంధన, ముసలివాళ్ల గోడు వాళ్ల నోటే వినాలంటే హెబ్రీ లేఖనాలు. కొత్త నిబంధనలోని యోహాను సువార్త 21వ అధ్యాయం ఒక్కటి మాత్రం ఈ లెక్కకు అందదు. వయసులో ఉండగా నీ నడుము నువ్వే కట్టుకుని ఇష్టమైన చోటికి వెళ్లావు, ముసలివాడివయ్యాక చేతులు చాస్తావు, ఇంకొకడు కట్టి నీకిష్టం లేని చోటికి మోసుకుపోతాడు అని శిష్యుడు పేతురుతో యేసు అంటాడు. ఇది పేతురు చావు గురించి అని సువార్త వెంటనే వివరణ ఇస్తుంది. ముసలి తండ్రికి లుంగీ కట్టినవాళ్లకు మాత్రం ముందు ఆ చాచిన చేతులే కనబడతాయి.