38 శాతం దగ్గర ఆరిపోయిన ల్యాప్‌టాప్: ఐదేళ్ల వాడకంపై సమీక్ష

బేగంబజార్‌లోని ఒక హోల్‌సేల్ కిరాణా దుకాణంలో కూర్చుని, జీఎస్టీ రిటర్ను గడువుకు ముందురోజు లెక్కలు సరిచూస్తుండగా కరెంటు పోయింది. పైన ఫ్యాను ఆగిన రెండు నిమిషాలకు, బ్యాటరీ 38 శాతం చూపిస్తూనే, నా ల్యాప్‌టాప్ ఏ హెచ్చరికా లేకుండా ఆరిపోయింది. కరెంటు వచ్చాక ఛార్జర్ తగిలించి తెరిస్తే 36 శాతం కనిపించింది. 2020 నవంబరులో కొన్న ఈ యంత్రంపై 2024 ఏప్రిల్‌లో జరిగిన ఆ సంఘటన దాకా నాకు ఫిర్యాదు లేదు. కీబోర్డు, తెర, వేగం ఇప్పటికీ తృప్తిగానే ఉన్నాయి కనుక ఈ సమీక్ష ప్రధానంగా బ్యాటరీ గురించే.

ఆ తర్వాతా అలాగే ఆగుతుంటే, ఏప్రిల్ ఎండల్లో ఎవరికైనా వచ్చే అనుమానమే నాకూ వచ్చింది: వేడెక్కి ఆగిపోతోందని. ఫ్యానులో దుమ్ము దులిపించాను, ఫలితం లేదు. అయితే ఛార్జర్ మీద ఎనిమిది గంటలు ఏకధాటిగా పనిచేసినా ఆగని యంత్రం, ఛార్జర్ తీసిన పది నిమిషాలకే ఆగుతోందంటే, తప్పు వేడిదో ర్యామ్‌దో అయ్యే అవకాశం తక్కువని అప్పుడు తట్టింది. విండోస్ తనలో జరిగేవి రాసిపెట్టుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతిసారీ కెర్నల్ పవర్ 41 అనే నమోదు ఉంది కానీ, విండోస్ సక్రమంగా మూతపడకుండా ఆగిందని చెప్పడమే తప్ప అది కారణం చెప్పదు. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీ డ్రైవర్ తీసి మళ్లీ వేయడం కూడా వృథా శ్రమే అయింది.

ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే అసలు సంగతి కొంత బయటపడింది. తయారీనాటి సామర్థ్యం సుమారు 42,000 మిల్లీవాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) ఉండగా, పూర్తిగా ఛార్జి చేసినా నిలుస్తున్నది 23,000 మాత్రమే. అయితే సామర్థ్యం తగ్గితే త్వరగా అయిపోవాలి గానీ, 38 దగ్గర ఉన్నట్టుండి ఎందుకు ఆగాలి? పాతబడిన లిథియం అయాన్ సెల్‌లో అంతర్గత నిరోధం, అంటే కరెంటుకు సెల్ లోపలే ఎదురయ్యే అడ్డు, పెరుగుతుంది. ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు ఆ సెల్ వోల్టేజి క్షణకాలం కుంగి, కనీస హద్దు దాటగానే బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ సరఫరా తెంచేస్తుంది. విండోస్‌కు కబురు అందే వ్యవధే ఉండదు. భారం తొలగగానే వోల్టేజి తేరుకుంటుంది కాబట్టి, శాతం మళ్లీ మామూలుగా కనిపిస్తుంది. పైన పటారం, లోన లొటారం.

దీన్ని పరీక్షించడానికి పవర్ ఆప్షన్స్‌లో బ్యాటరీపై నడిచేటప్పటి మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను (ప్రాసెసర్ వేగానికి గరిష్ఠ హద్దు) 99 శాతానికి తగ్గించాను. దానితో నా ఇంటెల్ ప్రాసెసర్‌లో అవసరమైనప్పుడు వేగాన్ని కాసేపు పెంచే టర్బో బూస్ట్ ఆగిపోయి, కరెంటు లాగుడు నెమ్మదించింది, ల్యాప్‌టాప్ 14 శాతం దాకా నిలిచింది. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదనిపించింది.

సర్వీస్ సెంటర్‌లో మాత్రం మదర్‌బోర్డు మార్చాలని 18,000 రూపాయల అంచనా చేతిలో పెట్టారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. అక్కడి కుర్రాడు నా మాటలు వింటూనే టచ్‌ప్యాడ్ ఎడమ మూలను గోటితో తడిమి, "సార్, పర్సెంటేజ్ చూపిస్తది గానీ లోడ్ మొయ్యది. ఉబ్బింది చూడుండ్రి" అన్నాడు. కింది మూత విప్పితే మధ్య సెల్ దిండులా ఉబ్బి ఉంది. టచ్‌ప్యాడ్ కొన్ని నెలలుగా గట్టిగా నొక్కితే తప్ప పలకకపోవడాన్ని నేను పాతదనం కింద జమకట్టాను. ఉబ్బిన బ్యాటరీని వాడడం, పొడవడం, చెత్తబుట్టలో వేయడం ప్రమాదకరం కనుక దాన్ని రీసైక్లింగ్‌కు పంపమని దుకాణంలోనే అప్పగించాను. వేరే తయారీదారు చేసిన కంపాటిబుల్ రకం 2,200కే వస్తుందన్నా, పార్ట్ నంబరు సరిపోల్చుకుని 4,800 పెట్టి ఒరిజినల్ వేయించాను.

అది జరిగి పద్నాలుగు నెలలైంది. ఛార్జింగ్‌ను 80 శాతానికి పరిమితం చేశాను, ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో ల్యాప్‌టాప్ వదలడం మానేశాను. మొన్నటి రిపోర్ట్ 39,000 పైచిలుకు చూపించింది, ఒక్కసారీ ఆగలేదు. కంపెనీ సొంత యాప్ మాత్రం, పాత బ్యాటరీ ఉబ్బి ఉన్న రోజున కూడా దాని ఆరోగ్యం బాగుందనే రాసింది. అందుకే ఐదులో ఒక మార్కు కోస్తున్నాను.